వలకు కట్టిన కూత

“మీ మేడం పొద్దున లేవలేదు నర్సింలూ” అని ఆమె భర్త ఫోన్‌లో చెప్పినప్పుడు నేను షెడ్డులో రెసిన్ జిగురు కలుపుతున్నాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఫోన్ జేబులో పెట్టుకుని నాతో పనిచేసేవాళ్ళకు చెప్పాను. అందరూ చేతిలో పని కింద పెట్టేశారు. కానీ కలిపిన రెసిన్ గట్టిపడటం మొదలైతే ఇక దేనికీ పనికిరాదు. “కలిపిన రెసిన్ ఎవరి కోసమూ ఆగదు” అన్నది మేడం మాకు నేర్పిన మొదటి మాట. అందుకని బల్ల మీదున్న ప్లాస్టిక్ డొప్పలన్నిటిలో జాగ్రత్తగా పోసి, మూతలు బిగించి, చేతులు కడుక్కుని, అప్పుడు షట్టరు దించి ఇంద్రేశంలో మేడం ఇంటికి వెళ్ళాం. ఆలస్యం ఎందుకైందో చెబితే ఆమె భర్త తలూపారు. తను ఉన్నా అదే చేయమనేది అన్నారు.

మా షెడ్డు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక మూల ఉంటుంది. చుట్టూ ఉన్న మందుల కంపెనీల ట్యాంకులకు మేము తేలుడు స్విచ్‌లు చేసి ఇస్తాం. ట్యాంకు నిండగానే పైకి తేలి మోటారు ఆపే చిన్న పరికరం అది. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఈ షెడ్డు నుంచి డాల్ఫిన్లను కాపాడే వస్తువు ఒకటి తయారై వెళుతోందంటే ఎవరికైనా నమ్మడం కష్టమే. మొదట్లో నేనూ నమ్మలేదు.

మేడం కాకినాడ అవతల సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగారు. తల్లి గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళ వెంట చేపలమ్మి చదివించిందట. ఇంజినీరింగ్ పూర్తి చేసి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే స్థిరపడి, రిటైరయ్యాక ఈ షెడ్డు పెట్టారు. నేను బొంతపల్లి వాణ్ణి. మా ఇంట్లో అందరూ పొలం పనికి పోయినవాళ్ళే. మందుల కంపెనీలో చేరాను గానీ ఆ ఘాటు పడక దగ్గుతో బయటపడి, పని వెతుక్కుంటూ ఆమె దగ్గరికి వెళ్ళాను. ఏం చదివావని అడగలేదు. చేతులు చాపమన్నారు. వణుకు లేదని చూసుకుని, “రేపటి నుంచి రా, సోల్డరింగ్ నేర్పిస్తా” అన్నారు.

ఆమెకు కోపం వచ్చేది, అరిచేవారు కూడా. వైరు సరిగా అతకకపోతే మాత్రం ముక్కను మా ముందు పెట్టి, ఎవరిదని అడక్కుండా, “ఇది ఎవరి ట్యాంకులోకో పోతుంది” అని వెళ్ళిపోయేవారు. ఆ మాటకు తిట్టు కంటే ఎక్కువ సిగ్గేసేది. మధ్యాహ్నం ఆమె డబ్బాలో తరచుగా ఎండుచేపల పులుసు ఉండేది. మూత తీస్తే షెడ్డంతా వాసన. బీహార్ నుంచి వచ్చి, ప్లాస్టిక్ అచ్చులు పోసే మా మౌల్డింగ్ ఆపరేటర్ మొదట్లో పళ్ళెం పట్టుకుని బయటికి పోయి తినేవాడు. కొన్నాళ్ళకు అతనే ఆమె పక్కన కూర్చుని గిన్నె చాపడం మొదలుపెట్టాడు.

ఒకసారి సముద్రం మీద పరిశోధన చేసే ఒక సంస్థ వాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. చేపల కోసం వేసిన వలల్లో డాల్ఫిన్లు చిక్కి చచ్చిపోతున్నాయి, వలకు కట్టి నీళ్ళలో వదిలితే ఆగి ఆగి కూత పెట్టే పరికరం కావాలి అన్నారు. ఆ కూత విని డాల్ఫిన్ అక్కడేదో ఉందని తెలుసుకుని పక్కకు తప్పుకుంటుందట. కావలసినవి కొన్నే కాబట్టి పెద్ద కంపెనీలు ఆ పని ముట్టుకోలేదు. మేడం మాత్రం మేం చేస్తాం అనేశారు.

ఆ రోజు మా ఆపరేటర్ అడిగాడు, “మేడం, యే మఛ్లీ కో భగానే కా మషీన్ హై క్యా?” అని. చేపల్ని తరిమే యంత్రమైతే జాలరులు ఎందుకు కట్టుకుంటారని అతని అనుమానం. మేడం పని ఆపి మమ్మల్నందరినీ దగ్గరికి పిలిచారు. డాల్ఫిన్ చేప కాదని, మనలాగే బిడ్డను కని పాలు ఇస్తుందని, ఊపిరి కోసం మాటిమాటికీ పైకి రావాల్సిందేనని చెప్పారు. నీళ్ళలో వల దారం ఉన్నట్టు దానికి సరిగా తెలియదు. తోకో ముక్కో చిక్కుకుంటే పైకి రాలేదు. చేప నీళ్ళు లేక చస్తుంది, ఇది నీళ్ళలోనే ఉండి ఊపిరాడక చస్తుంది. ఇక కూత సంగతి. మేం పెట్టబోయేంత సన్నటి కూత వలలో పడే చేపలకు దాదాపు వినిపించదు కాబట్టి వేటకు అడ్డం కాదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆ కూత మేడంకు కూడా వినిపించేది కాదు. వయసు మీదపడ్డాక అంత సన్నటి శబ్దం చెవి పట్టదట. మీటరు తెర మీద గీత లేచి పడటం చూసి పని చేస్తోందని తెలుసుకునేవారు, అయినా తృప్తి ఉండేది కాదు. ప్రతి ముక్కనూ నా చెవి దగ్గర పెట్టి, “కూసిందా?” అని అడిగేవారు. కూసింది మేడం అంటే, నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి పక్కన పెట్టేవారు. తనకు వినపడని దాన్ని అంత శ్రద్ధగా తయారు చేసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

లోతు నీళ్ళలో లోపలికి తడి దిగుతుందేమో చూడాలి. ఇక్కడ సముద్రం ఎక్కడిది? మా ఊరి దగ్గర రాళ్ళ కోసం తవ్వి వదిలేసిన లోతైన క్వారీ గుంట ఉంది, వాననీళ్ళతో నిండి ఉంటుంది. తాడుకు పరికరాలు కట్టి, అడుగున రాయి వేలాడదీసి అందులో దించేవాళ్ళం. ఒడ్డున మేకలు మేపుకుంటున్న పెద్దమనిషి ఒకాయన చాలాసేపు చూసి, “ఏం షాపలు వడుతున్నరమ్మా గిండ్ల?” అని అడిగాడు. “చేపలు కాదయ్యా, లీకులు పడుతున్నాం” అన్నారు మేడం. ఆయనకు అర్థం కాలేదు గానీ ఆ తర్వాత మేం ఎప్పుడు పోయినా మా తాడు పట్టుకుని సాయం చేసేవాడు.

క్వారీ గుంటలో నెగ్గిన పరికరం సముద్రంలో ఓడిపోయింది. సంస్థ వాళ్ళు మొదటి విడత తీసుకెళ్ళిన కాకినాడ వైపు పల్లె నుంచి అన్నీ తిరిగొచ్చేశాయి. కొన్ని పగిలాయి, కొన్ని ఉప్పునీళ్ళతో నిండిపోయాయి. పెట్టె విప్పితే షెడ్డులో సముద్రం వాసన కొట్టింది. పని ఇచ్చినవాళ్ళు మంచిగానే మాట్లాడారు. ప్రయత్నం చేశారు, చాలు, ఇంక వదిలేయండి అన్నారు. ఆమె భర్త కూడా ఈ వయసులో ఇంకా ఎందుకన్నారు. మేడం విరిగిన ముక్కలన్నీ బల్ల మీద పరిచి, ఏది ఎక్కడ విరిగిందో చూస్తూ కూర్చున్నారు. అన్నీ దాదాపు ఒకే చోట, మూలల దగ్గర విరిగాయి. సాయంత్రం నన్ను పిలిచి, మర్నాడు ఆ పల్లెకు పోతున్నాం, బట్టలు సర్దుకో అన్నారు.

నేను సముద్రం చూడటం అదే మొదలు. దాని గురించి రాయాలంటే చాలా ఉంది గానీ మేడం నన్ను చూడనివ్వలేదు. తిన్నగా పడవలు లాగి ఉంచిన చోటికి తీసుకెళ్ళారు. మా పరికరం వాడి చూసిన పడవాయన అక్కడే ఉన్నాడు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడి, మర్యాదగానే, తేల్చి చెప్పేశాడు.

“అయ్యి మళ్ళీ మా పడవ ఎక్కవండి. వల లాగేప్పుడు ఆ మూలలు వలలో ఇరుక్కుని చేతులు కోసుకుపోతన్నాయి. డాల్ఫిన్ మీద మాకేం పగ లేదండి. అది పడితే మాకే నష్టం, వల పీలికలైపోద్ది. అలాగని వేటే ఆగిపోతే మేం ఏం తినాలండి?”

ఇంకెవరైనా అయితే డాల్ఫిన్ల గురించి చెప్పడం మొదలుపెట్టేవాళ్ళు. మేడం, “మీరన్నదే సరి. ఒక పూట మీ పక్కన కూర్చోనివ్వండి చాలు” అన్నారు. ఆయన కాదనలేదు. ఆ పూటంతా వలలు సర్దుతున్న వాళ్ళ మధ్య ఇసుకలో కూర్చున్నారు. ప్రశ్నలేవీ వేయలేదు. వాళ్ళ చేతులే చూస్తున్నారు. వల పై తాడుకు బారెడు బారెడు దూరంలో నీళ్ళ మీద తేలే బెండ్లు గుచ్చి ఉంటాయి, వల నిలువుగా నిలబడటానికి. నున్నగా, గుండ్రంగా, మధ్యలో తాడు దూరే బెజ్జంతో ఉంటాయి. లాగేటప్పుడు అవి చేతుల్లోంచి జారిపోతూనే ఉంటాయి, ఎవరూ వాటిని పట్టించుకోరు.

తిరుగు బస్సులో మేడం కళ్ళు మెరుస్తున్నాయి. మన పరికరాన్ని వలకు అదనంగా కట్టమంటే ఎందుకు కడతారు, అదే బెండు అయిపోవాలి అన్నారు. “వలవాడు ఒప్పుకోనిది సముద్రం దాకా పోదు నర్సింలూ” అన్నారు. ఆ మాట తర్వాత మాకు ఎన్నిసార్లు చెప్పారో.

మూలలు పోయాయి. వేలాడదీసే కొక్కెం పోయింది. వాళ్ళ బెండు ఎంతుందో అంతే, ఎలా ఉందో అలాగే, మధ్యలో అదే బెజ్జం. రంగు మాత్రం పసుపు, దూరానికి కనబడాలని. కూత పెట్టేదంతా లోపల రెసిన్‌లో ముంచేశాం. ఎన్నిసార్లు అచ్చు మార్చామో, క్వారీ గుంటకు ఎన్నిసార్లు పోయామో లెక్క పెట్టుకోలేదు. ఈ మధ్యలో మందుల కంపెనీల పని ఒక్కటీ ఆలస్యం కానివ్వలేదు. షెడ్డును ఆ పనే నిలబెడుతోందని, అది నిలబడితేనే ఈ పని నడుస్తుందని ఆమెకు బాగా తెలుసు.

కొత్తవి తీసుకుని మళ్ళీ అదే పల్లెకు వెళ్ళాం. పడవాయన పసుపు బెండును చేతిలో తిప్పి చూసి, తాడు దూర్చి చూసి, సరేనన్నాడు. అయితే ఒక వలకే కట్టాడు. రెండోదానికి వద్దన్నాడు. పరిశోధన వాళ్ళకూ అదే కావాలి, కట్టిన వలకూ కట్టని వలకూ తేడా తెలుస్తుందని. పడవలో ఎవరు వెళ్ళాలన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. చేపలమ్మిన తల్లి కడుపున పుట్టి, సముద్రం పక్కన పెరిగిన మేడంకు పడవెక్కితే కడుపులో తిప్పుతుంది, ఒక్కసారి కూడా ఒడ్డు దాటి పోలేదట. “నువ్వెళ్ళు. నా చెవులు నువ్వే కదా” అన్నారు. ఈత రానివాణ్ణి, చెరువంటే భయపడేవాణ్ణి, నేనెక్కాను.

కొన్నాళ్ళు రోజూ వెళ్ళాను. తెల్లవారుతుండగా బయల్దేరి రెండు వలలూ దూరం దూరంగా వేసి, ఎండెక్కాక లాగేవాళ్ళం. మొదట్లో వాంతులు చేసుకోవడమే నా పని. పడవాయన నవ్వి, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకోమన్నాడు. డాల్ఫిన్లు రోజూ కనబడేవి. పసుపు బెండ్లున్న వల వైపు వచ్చేవి, కొంత దూరంలో ఆగినట్టే ఆగి, పక్కకు తిరిగి పోయేవి. కానీ పోయేది రెండో వల వైపుకే కదా, దాని సంగతేమిటని నాకు లోపల గుబులుగా ఉండేది.

ఒకరోజు ఆ రెండో వల లాగుతుంటే బరువు తగిలింది. నీళ్ళ కింద బూడిదరంగు వీపు ఒకటి పొర్లింది. చిన్నది. తల్లి వెనక వచ్చి ఉంటుంది. తోకకు వల చుట్టుకుపోయింది, ఇంకా బతికే ఉంది. పడవాయన అరవలేదు, కంగారుపడలేదు. ఇంజన్ ఆపించి, నన్నూ, పడవలో ఉన్న ఇంకో మనిషినీ వంగి దాని తల నీళ్ళపైకి ఎత్తి పట్టుకోమన్నాడు. చెయ్యి వేస్తే వేడిగా, నున్నగా, మనిషి ఒళ్ళులాగే ఉంది. ఆయన కత్తి తీశాడు. ఆ వల ఆయన ఇంటి తిండి. విప్పడానికి వీల్లేదని చూసుకుని, ఒక్క క్షణం ఆగి, చరచరా కోసేశాడు. తల పైన ఉన్న రంధ్రం తెరుచుకుని ఒక్కసారి ఊపిరి వదిలింది. నా ముఖమంతా తడి. మేం చేతులు తీయగానే మునిగి, కొంత దూరాన తేలింది. పక్కనే పెద్దది ఒకటి తేలింది. రెండూ వెళ్ళిపోయాయి.

ఒడ్డుకు వచ్చేసరికి మేడం నీళ్ళ అంచున నిలబడి ఉన్నారు. పడవ ఇంకా ఇసుక తాకకముందే అడిగిన మొదటి మాట, “చేపలు పడ్డాయా?” అని. పడ్డాయన్నాను. అప్పుడు డాల్ఫిన్ సంగతి చెప్పాను.

“ఊపిరి తీసుకుందా?”

“తీసుకుంది మేడం. నా మొఖం మీదనే ఇడిసింది.”

ఆమె నవ్వి, వెంటనే పడవాయన భార్య వైపు చూశారు. ఆమె వలలో పడ్డ పెద్ద కంతను రెండు చేతుల్తో చాపి పట్టుకుని నిలబడి ఉంది. మేడం వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, సూది ఇవ్వమ్మా అని అడిగారు. ఆమె మొదట ఇవ్వలేదు, మీకెందుకండి అంది. మేడం చెయ్యి చాపే ఉంచారు. చిన్నప్పుడు నేర్చుకున్నదట. మొదట అల్లిన కొన్ని వల కళ్ళు వంకరగా వచ్చాయి, విప్పి మళ్ళీ వేశారు. ఆ తర్వాత వేళ్ళకు గుర్తొచ్చింది. ఇద్దరూ చెరో వైపు నుంచి కుట్టుకుంటూ వచ్చారు. మధ్యలో ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు గానీ, పడవాయన భార్య రెండుసార్లు నవ్వడం చూశాను. కంత పూడ్చేసరికి ఎండ వాలిపోయింది. పడవాయన వచ్చి, కుట్టిన చోట పిడికిలి పెట్టి లాగి చూశాడు. నిలిచింది.

“దీనికి కూడా కట్టండమ్మా ఆ కూత బెండ్లు” అన్నాడు.

ఆ పేరు ఆయన పెట్టిందే. ఇప్పుడు ఆ పల్లెలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ అదే పేరుతో అడుగుతారు. మేమూ షెడ్డులో అలాగే అంటాం. కట్టిన వలల్లో డాల్ఫిన్ పడటం బాగా తగ్గిందని పడవలవాళ్ళే చెబుతున్నారు. ఒక్కటి కూడా పడటం లేదని మాత్రం నేను చెప్పను. చెబితే మేడం ఒప్పుకోరు. “పని చేస్తుంది అనకు, ఇవాళ పని చేసింది అను” అనేవారు. డాల్ఫిన్ తెలివైనది, ఒకే కూతకు అలవాటు పడిపోవచ్చు. కూతకు భయపడటం మానేసి, కూత ఉన్నచోట చేపలుంటాయని తెలుసుకున్నా తెలుసుకోవచ్చు. అందుకని ఆమె కూతల మధ్య వ్యవధి ఒక్కోసారి ఒక్కోలా ఉండేట్టు మార్పించారు, స్వరం కూడా మార్పించారు. ఇంకా ఏం మార్చాలో మాకు తెలుసు. ఆమె మాకు పని అప్పజెప్పి పోయారే గానీ, సగంలో వదిలేసి పోలేదు.

పెద్దకర్మకు పడవాయనా, ఆయన భార్యా కాకినాడ నుంచి రైలెక్కి వచ్చారు. లింగంపల్లిలో దిగి, తోవ తెలియక, నాకు ఫోన్ చేస్తే బండి మీద పోయి, వాళ్ళను ఆటోలో ఎక్కించి వెంట తీసుకొచ్చాను. ఇంద్రేశంలో కొత్తగా లేచిన ఇళ్ళ మధ్య మేడం ఇంటి ముందు వేసిన షామియానాలో ఇద్దరూ ఒక పక్కన కూర్చున్నారు. భోజనాలయ్యాక పడవాయన భార్య మేడం భర్త దగ్గరికి వెళ్ళి, “అమ్మ మా వలకి వేసిన ముడులు ఇంకా ఊడలేదండి” అంది. అప్పటిదాకా అందరినీ పలకరిస్తూ నిబ్బరంగా తిరిగిన ఆయన అక్కడే కుర్చీలో కూర్చుండిపోయారు.

నేను ఆమెను చివరిసారి చూసింది ఆమె నిద్రలో వెళ్ళిపోయిన రాత్రికి ముందు సాయంత్రం. కారున్నా ఆమె షేర్ ఆటోలోనే ఇంటికి పోయేవారు. షిఫ్టు దిగిన ఆడవాళ్ళ మధ్య కూర్చుని కబుర్లు చెప్పడం ఆమెకిష్టం. ఆ రోజు ట్యాంకర్లు బారులు తీరి రోడ్డంతా దుమ్ముగా ఉంది. నేను బండి తీస్తూ చూశాను. ఆటో నిండిపోయి ఉంది, మేడం అంచున కూర్చుని ఎదురుగా ఉన్న కుర్ర అమ్మాయిలకు ఏదో చెబుతున్నారు. వాళ్ళు తలలు దగ్గర పెట్టి వింటున్నారు. లారీల మోతలో మాట వినపడలేదు, చెయ్యి మాత్రం కనిపించింది. అరచేతిని ఒళ్ళోంచి మెల్లగా పైకి తెచ్చి, గాలిలో వంపు తిప్పి, ఒక్క క్షణం అక్కడే ఆపారు, డాల్ఫిన్ ఊపిరి కోసం పైకొచ్చి ఆగినట్టు. ఆటో ఇంద్రేశం రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి పైనే ఉంది.